ఇంజను ఆయిలు లీకు

ఇంజను ఆయిలు లీకు అనగా మోటారు వాహనపు ఇంజను లోపల తిరుగుచుండవలసిన కందెన నూనె అతుకుల వద్ద గాని, సీళ్ళ వద్ద గాని, పగుళ్ళ ద్వారా గాని బయటికి వచ్చుట. ఇది కొత్త వాహనములలో అరుదుగాను, పాత వాహనములలో తరచుగాను కనిపించు లోపము. ఆరంభములో గుర్తించినచో చాలా సందర్భములలో కొద్ది ఖర్చుతోనే సరిచేయవచ్చును. నిర్లక్ష్యము చేసినచో బేరింగులు అరిగి ఇంజను బిగుసుకొనిపోవుట, క్లచ్ ప్లేటు పాడగుట, వేడి గొట్టముపై పడిన నూనె అంటుకొనుట వంటి ప్రమాదములకు దారితీయును.

లీకును సరిచేయుటకంటె దాని మూలమును కనుగొనుటయే కష్టము. నూనె చుక్క నేలపై పడిన చోటు, ఇంజను నుండి నూనె బయటికి వచ్చిన చోటు సాధారణముగా ఒకటి కావు. అట్లే నూనె బయటికి వచ్చిన చోటు, అది బయటికి వచ్చుటకు కారణమున్న చోటు కూడా ఒకటి కాకపోవచ్చును. ఈ రెండు భేదములను గమనించకపోవుట వలననే మార్చిన సీలునే మరల మరల మార్చవలసిన పరిస్థితి ఏర్పడును.

ఈ వ్యాసములో కార్లు, జీపులలో లీకును గుర్తించు పద్ధతి, సరిచేయు పద్ధతి వివరింపబడినవి. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమైన ఉమ్మడి నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల పరిస్థితులు ఈ సమస్యను ఎట్లు ప్రభావితము చేయునో కూడా పేర్కొనబడినది. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనలోను, 2019లో నారాయణపేట ఏర్పాటుతోను ఈ రెండు జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినవి.

ఇంజనులో నూనె చేయు పని

ఇంజను అడుగున ఉండు తొట్టిని సంపు అందురు. మెకానిక్ షెడ్డులలో దీనినే చాంబరు అని వ్యవహరింతురు. చిన్న కార్లలో దీనియందు సుమారు 3 నుండి 4 లీటర్ల నూనె పట్టును. జీపు తరహా డీజిలు వాహనములలో ఇంతకంటె ఎక్కువ పట్టును. ఇంజను తిరుగునప్పుడు నూనె పంపు ఈ నూనెను జల్లెడ ద్వారా పైకి లాగి, ఫిల్టరు గుండా పంపి, సన్నని దారుల ద్వారా క్రాంకు షాఫ్టు బేరింగులకు, కామ్ షాఫ్టునకు, వాల్వుల పై భాగమునకు చేర్చును. పని ముగిసిన నూనె తన బరువు చేతనే చాంబరులోనికి తిరిగి జారును.

నూనె యొక్క పని కందెనగా ఉండుట మాత్రమే కాదు. పిస్టను, బేరింగుల వేడిని గ్రహించి చల్లబరచును. మసిని, లోహపు రజనును ఫిల్టరు వరకు మోసుకొనిపోవును. పిస్టను రింగులకు, సిలిండరు గోడకు మధ్యనున్న సందును మూయును. లోహమును తుప్పు నుండి కాపాడును.

ఇంజను వేడెక్కి రోడ్డుపై పరుగెత్తుచున్నప్పుడు నూనె పీడనము సాధారణముగా చదరపు అంగుళమునకు 30 నుండి 60 పౌండ్ల వరకు ఉండును. చాలా వాహనములలో ఇది సుమారు 5 పౌండ్ల స్థాయికి పడిపోయినప్పుడు మాత్రమే డాష్ బోర్డుపై ఎర్రదీపము వెలుగును. అనగా ఆ దీపము నూనె మట్టమును తెలుపునది కాదు, పీడనము పోయినదని తెలుపునది. అది వెలిగిన తరువాత ఇంజనును నడిపినచో కొద్ది నిమిషములలోనే బేరింగులు చెడిపోవచ్చును. కావున నూనె మట్టమును డిప్ స్టిక్కు అను కొలపుల్లతో చూచుట తప్ప వేరు మార్గము లేదు.

చిన్న లీకు ఎంత నూనెను పోగొట్టునో లెక్కించి చూడవచ్చును. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అగును. నడుచుచున్న ఇంజను నుండి సెకనుకు ఒక చుక్క పడినచో గంటకు 3600 చుక్కలు, అనగా 180 మిల్లీలీటర్లు పోవును. పలు చిన్న కార్లలో డిప్ స్టిక్కుపై గల పై గీతకు, కింది గీతకు మధ్య భేదము సుమారు ఒక లీటరు. ఈ లెక్కన ఐదున్నర గంటల ప్రయాణములో నూనె పై గీత నుండి కింది గీతకు చేరును. హైదరాబాదు నుండి నల్గొండకు గాని, మహబూబ్ నగర్ కు గాని సుమారు 100 కిలోమీటర్ల దూరము. రోజునకు ఒకసారి పోయివచ్చు అద్దె కారు ఒకటి రెండు రోజులలోనే ఈ స్థితికి వచ్చును.

నూనె తరుగుట అంతయు లీకు వలననే జరుగదు. రింగులు గాని, వాల్వు సీళ్ళు గాని అరిగినచో నూనె సిలిండరులో మండిపోవును. అప్పుడు సైలెన్సరు నుండి నీలి పొగ వచ్చును, నేలపై మరక ఉండదు.

ఆముదము, ఇంజను నూనె

ఖనిజపు నూనెలు మెరుగుపడక పూర్వము, ముఖ్యముగా మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానముల ఇంజన్లలో, ఆముదమును కందెనగా వాడిరి. ప్రసిద్ధమైన కాస్ట్రాల్ అను పేరు కూడా ఆముదమునకు గల ఆంగ్ల నామము నుండి వచ్చినదే. నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలు చిరకాలము ఆముదపు పంటకు పేరుపొందినవి. నాగర్ కర్నూలు సమీపములోని పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానములో ఆముదపు వంగడములు రూపొందించబడినవి. ఐనను ఆముదము వేడికి చిక్కబడి జిగురుగా మారును. కావున నేటి కార్ల ఇంజనులో నూనె తగ్గినప్పుడు దానిని కలుపరాదు.

నూనె బయటికి వచ్చుటకు కారణములు

ఇంజను ఒకే ముద్దగా పోతపోసినది కాదు. పలు భాగములను బోల్టులతో బిగించి తయారుచేసినది. కదలని రెండు భాగముల మధ్య గాస్కెట్టు ఉండును. దీనినే షెడ్డులలో ప్యాకింగు అందురు. ఇది బెండు, కాగితము, రబ్బరు, లోహపు రేకులలో దేనితోనైనను చేయబడును. తిరుగు షాఫ్టు బయటికి వచ్చు చోట రబ్బరు పెదవి గల ఆయిలు సీలు ఉండును. దాని పెదవిని లోపలి స్ప్రింగు షాఫ్టునకు అదిమి పట్టును.

నూనె బయటికి వచ్చుటకు ముఖ్య కారణములు ఇవి.

వయస్సు, వేడి: రబ్బరు ఎండి గట్టిపడును, బెండు ప్యాకింగు కుంచించుకొనిపోవును. వాహనము వాడక నిలిపి ఉంచినను సీళ్ళు ఎండిపోవును.

బోల్టుల బిగింపు: వదులైనచో నూనె చెమర్చును. మితిమీరి బిగించినచో రేకు మూతల అంచులు వంగి, బోల్టునకు బోల్టునకు మధ్య సందు ఏర్పడును. రెండవ తప్పే ఎక్కువగా జరుగును.

షాఫ్టు అరుగుదల: సీలు పెదవి ఒకే చోట రాపిడి చెందుట వలన షాఫ్టుపై సన్నని గాడి ఏర్పడును. అప్పుడు కొత్త సీలు వేసినను నూనె ఆగదు.

నూనె ఎక్కువగుట: పై గీతను మించి పోసిన నూనెను క్రాంకు షాఫ్టు చిలికి నురుగు చేయును. లోపలి ఒత్తిడి కూడా పెరుగును.

లోపలి వాయువుల ఒత్తిడి: అన్నింటికంటె ముఖ్యమైనది, తరచుగా మరచిపోబడునది ఇదే. ఇంధనము మండినప్పుడు కొంత వాయువు రింగుల ప్రక్కనుండి చాంబరులోనికి దిగును. మెకానిక్కులు దీనిని బ్యాక్ కంప్రెషన్ అందురు. ఇది పోవుటకు బ్రీదరు అను గొట్టము ఉండును. పూర్వము ఈ వాయువును నేరుగా గాలిలోనికి వదిలెడివారు. 1960వ దశకము నుండి, తొలుత అమెరికాలోని కాలిఫోర్నియాలో, దానిని తిరిగి ఇంజనులోనికే పంపి మండించు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. ఈ గొట్టము గాని, దానిలోని కవాటము గాని మసితో మూసుకొనిపోయినచో వాయువు బలహీనమైన సీలును వెదకి దాని గుండా నూనెను బయటికి నెట్టును. అప్పుడు తప్పు సీలుది కాదు.

దక్షిణ తెలంగాణ పరిస్థితులు

ఈ ప్రాంతములో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటుట సాధారణము. గాలి ఎంత వేడిగా ఉన్న ఇంజను చల్లబడుట అంత మందగించును. వేడికి నూనె పలుచబడును, సీళ్ళు గట్టిపడును. చలికాలములో చెమర్పుగా ఉన్నది వేసవిలో చుక్కలుగా పడుటకు ఇదియే కారణము.

రెండవది దుమ్ము. ఎర్ర చెలక నేలల మీదుగా పోవు మట్టిబాటలలో గాలి ఫిల్టరు త్వరగా నిండిపోవును. ఫిల్టరు చిరిగినను, దాని గొట్టపు క్లిప్పు వదులైనను ఇసుక రేణువులు సిలిండరులోనికి చేరి రింగులను, గోడలను అరగదీయును. దాని వలన బ్యాక్ కంప్రెషన్ పెరిగి చివరకు సీళ్ళ నుండి నూనె బయటికి వచ్చును. ఇంజను వెనుక భాగమున కనిపించు లీకునకు మొదలు ముందు భాగముననున్న గాలి ఫిల్టరులో ఉండవచ్చునన్న మాట ఈ ప్రాంతపు వాహనముల విషయములో ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది.

మూడవది రోడ్డు. రాతినేలల బాటలలో చాంబరు అడుగునకు, నూనె తీయు బోల్టునకు రాళ్ళు తగులును. పంట కోతల కాలములో రైతులు వడ్లు, కంది మొదలగు పంటలను రోడ్లపై ఆరబోయుట, నూర్పిడి చేయుట పరిపాటి. అప్పుడు ఎండుగడ్డి, కంది కట్టె వాహనము అడుగున చిక్కుకొనును. నూనెతో తడిసిన గడ్డి సైలెన్సరు గొట్టమునకు తగిలినచో నిప్పు అంటుకొను ప్రమాదము కలదు. కావున ఈ కాలములో లీకు గల వాహనమును నడుపుట మరింత ప్రమాదకరము.

నాలుగవది దూరము. విజయవాడ వైపు పోవు 65వ నెంబరు జాతీయ రహదారిపై చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడలలోను, కర్నూలు వైపు పోవు 44వ నెంబరు జాతీయ రహదారిపై షాద్ నగర్, జడ్చర్ల, కొత్తకోటలలోను మెకానిక్ షెడ్డులు దొరకును. ఈ రహదారులు 2010 నాటి నెంబర్ల మార్పునకు పూర్వము 9, 7 అని పిలువబడినవి. అచ్చంపేట మీదుగా శ్రీశైలము పోవు దారిలో మన్ననూరు దాటినచో నల్లమల అడవి మొదలగును. అచ్చట సహాయము దొరకుట కష్టము. పైగా ఘాటు ఎక్కునప్పుడు చాంబరులోని నూనె వెనుకకు చేరి, సమతలముపై కనిపించని వెనుక సీలు లీకు బయటపడును. అందువలన అటువంటి ప్రయాణమునకు ముందు నూనె మట్టమును చూచుకొనుట అవసరము.

కారునది ఇంజను నూనెయేనా?

వాహనము కింద కనిపించిన ప్రతి మరక ఇంజను నూనె కాదు. రాత్రి పూట వాహనము కింద తెల్లని అట్టను గాని పాత వార్తాపత్రికను గాని పరచి, ఉదయము మరక రంగును, స్థానమును చూడవలెను.

లేత గోధుమ రంగు నుండి నలుపు వరకు, వ్రేళ్ళకు జిడ్డుగా తగులునది: ఇంజను నూనె. డీజిలు ఇంజనులో నూనె పోసిన కొద్ది రోజులకే నల్లబడును.
చిక్కగా ఉండి గంధకపు ఘాటు వాసన గలది: గేరుబాక్సు నూనె.
ఎర్రనిది: ఆటోమేటిక్ గేరుబాక్సు లేదా పవర్ స్టీరింగు ద్రవము.
ఆకుపచ్చ లేదా గులాబి రంగులో నీటివలె ఉండునది: రేడియేటరు ద్రవము.
చక్రముల వద్ద గాని, బ్రేకు పెడలు కింద గాని కనిపించు పలుచని పసుపు రంగు ద్రవము: బ్రేకు ద్రవము. దీనిని చూచినచో వాహనమును కదపక ముందే బాగు చేయించవలెను.
రంగు, వాసన లేని నీరు: ఏసీ నుండి పడునది. ఇది లోపము కాదు.

నూనె బయటికి వచ్చు ముఖ్య స్థానములు

పై నుండి కిందికి వరుసగా ఇవి:

ట్యాపెట్ కవరు ప్యాకింగు: తరచుగా లీకగునది. ఇక్కడి నూనె ఇంజను వెనుక గోడ వెంబడి జారి, వెనుక సీలు పాడైనదను భ్రమ కలిగించును.
కామ్ షాఫ్టు సీలు, డిస్ట్రిబ్యూటరు గల వాహనములలో దాని ఓ-రింగు.
సిలిండరు హెడ్డు గాస్కెట్టు: ఇది చెడినచో నూనె బయటికి రావచ్చును లేదా నీటితో కలిసి పాలు కలిపిన చాయ రంగు పొందవచ్చును.
ఆయిలు ప్రెషరు స్విచ్చి: చిన్న భాగము, తక్కువ ధర. కానీ పీడనము గల చోట ఉండుట వలన ఎక్కువ నూనెను పోగొట్టును.
ఆయిలు ఫిల్టరు, ఆయిలు కూలరు, టర్బో గల డీజిలు ఇంజన్లలో దాని నూనె గొట్టములు.
ముందు క్రాంకు సీలు: దీని నుండి వచ్చు నూనెను పుల్లీ చుట్టూ చిమ్మును. బెల్టు తడిసి జారును.
చాంబరు ప్యాకింగు, నూనె తీయు బోల్టు.
వెనుక క్రాంకు సీలు: ఇంజనుకు, గేరుబాక్సుకు మధ్య నుండి చుక్కలు పడును. క్లచ్ ప్లేటు తడిసినచో బండి లాగుట తగ్గును.

పాత వాహనముల విషయములో ఒక మినహాయింపు కలదు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ కారు యొక్క పాత బి.ఎం.సి. నమూనా 1489 సి.సి. ఇంజనులో క్రాంకు షాఫ్టు వెనుక రబ్బరు సీలు లేదు. దానికి బదులు షాఫ్టుపై మరచుట్ల వంటి గాడి ఉండును. షాఫ్టు తిరుగునప్పుడు ఈ గాడి నూనెను లోపలికి మళ్ళించును. ఇంజను ఆగిన తరువాత ఒకటి రెండు చుక్కలు పడుట ఆ నిర్మాణములో సహజము. అట్టి చుక్కల కొరకు గేరుబాక్సును దింపుట వలన ప్రయోజనము ఉండదు.

లీకును కనుగొను విధానము

1. ముందుగా నూనె మట్టమును చూడవలెను. వాహనమును సమతలముపై నిలిపి, ఇంజనును ఆపి, ఐదు నుండి పది నిమిషములు ఆగి డిప్ స్టిక్కును తుడిచి మరల ముంచి చూడవలెను. మట్టము పై గీతను మించినచో అదియే కారణము కావచ్చును.

2. ఇంజనును శుభ్రపరచవలెను. మురికి ఇంజనుపై లీకును వెదకుట వలన పొరపాటే మిగులును. చల్లబడిన ఇంజనుపై డీగ్రీజరు పూసి, కుంచెతో రుద్ది, తక్కువ ఒత్తిడి గల నీటితో కడిగి ఆరబెట్టవలెను. ఆల్టర్నేటరు, వైర్ల కనెక్టర్లు, గాలి లోనికి పోవు మార్గము తడవకుండ ప్లాస్టిక్ సంచులతో కప్పవలెను.

3. ఇంజనును వేడెక్కించి, పది పదిహేను కిలోమీటర్లు నడిపి, మరల నిలిపి దీపముతో పరిశీలించవలెను.

4. తడిగా ఉన్న ప్రదేశములలో అన్నింటికంటె పైన, అన్నింటికంటె ముందున ఉన్న దానిని గుర్తించవలెను. నూనె కిందికి జారును, ఎదురుగాలికి వెనుకకు పోవును. కావున మొదటి అనుమానము ఎల్లప్పుడు పై చోటుపై, ముందు చోటుపై ఉండవలెను.

5. సన్నని లీకు దొరకనిచో ముఖమునకు రాసుకొను పౌడరును అనుమానపు చోట్ల పలుచగా చల్లి కొద్దిసేపు ఇంజనును నడుపవలెను. నూనె వచ్చు చోట పౌడరుపై చార ఏర్పడును. ముగ్గుపిండి రాతిపొడి కావున దానిని ఇందుకు వాడరాదు. అది సీళ్ళను అరగదీయును.

6. అప్పటికిని దొరకనిచో నూనెలో ప్రత్యేకమైన రంగును కలిపి, వాహనమును నడిపి, అతినీలలోహిత దీపపు వెలుగులో చూడవలెను. లీకు చోటు మెరయును. పెద్ద పట్టణములలోని సర్వీసు కేంద్రములలో ఈ సదుపాయము ఉండును.

వాహనము కింద దూరి చూచునప్పుడు జాకీపై మాత్రమే ఆధారపడరాదు. బలమైన స్టాండులు అమర్చి, చక్రములకు అడ్డు పెట్టవలెను.

బ్రీదరు పరీక్ష

లీకు చోటు దొరికిన వెంటనే సీలు మార్చుటకు తొందరపడక, లోపలి ఒత్తిడిని పరీక్షించవలెను. దీనికి పరికరములు అవసరము లేదు.

పెట్రోలు ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి, నూనె పోయు మూతను తీసి, ఆ రంధ్రముపై పలుచని కాగితమును ఉంచవలెను. కాగితము కొద్దిగా లోపలికి అతుక్కొనినచో వాయుమార్గము సరిగా ఉన్నది. కాగితమును పైకి తన్నుచు పొగ దఫదఫలుగా వచ్చినచో బ్రీదరు మూసుకొనిపోయినదని గాని, రింగులు అరిగినవని గాని గ్రహించవలెను. డీజిలు ఇంజనులో కొంత ఆవిరి వచ్చుట సహజము. ఉధృతముగా పొగ వచ్చినచో మాత్రమే అనుమానించవలెను. కొన్ని ఇంజన్లలో మూత తీయగనే నూనె చిమ్మును కావున ముఖమును దూరముగా ఉంచవలెను.

తరువాత బ్రీదరు గొట్టమును విప్పి, కిరోసిన్ తో కడిగి, కవాటము గలచో దానిని శుభ్రపరచి లేదా మార్చి పరీక్షను మరల చేయవలెను. ఒత్తిడి తగ్గినచో మూలము దొరికినట్లే. తగ్గనిచో కంప్రెషన్ పరీక్ష చేయించవలెను. పెట్రోలు ఇంజనులో తక్కువ కంప్రెషన్ గల సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మరల కొలిచినప్పుడు సంఖ్య బాగుగా పెరిగినచో రింగులు అరిగినవని, పెరుగనిచో వాల్వులలో గాని హెడ్డు గాస్కెట్టులో గాని లోపము ఉన్నదని తెలియును. రింగులు అరిగిన ఇంజనులో ఎన్ని సీళ్ళు మార్చినను లీకు మరల వచ్చును. అప్పుడు బోరు పని చేయించవలెనో, లేక నూనె పోయుచు నడుపుకొనవలెనో యజమాని నిర్ణయించుకొనవలెను. ఆ నిర్ణయము సీళ్ళపై డబ్బు ఖర్చు కాకమునుపే జరుగుట మేలు.

మరమ్మత్తు

నూనె తీయు బోల్టు: రాగి లేదా అల్యూమినియము వాషరును ప్రతిసారి కొత్తది వేయవలెను. మర పాడైనచో బోల్టును బలవంతముగా బిగించక, లేతు పని తెలిసిన వారితో కొత్త మర తీయించవలెను.

ఆయిలు ఫిల్టరు: పాత ఫిల్టరు రబ్బరు ఇంజనుకు అతుక్కొని మిగిలిపోవును. దానిని చూడక కొత్త ఫిల్టరు బిగించినచో రెండు రబ్బర్లు ఒకదానిపై ఒకటి జారి నూనె అంతయు ఒక్కసారిగా పోవును. కొత్త రబ్బరుకు నూనె రాసి, అది తగిలిన తరువాత చేతితో సుమారు ముప్పావు చుట్టు బిగించినచో చాలును.

ట్యాపెట్ కవరు, చాంబరు: పాత ప్యాకింగును పూర్తిగా గీకివేసి, రెండు ముఖములను జిడ్డు లేకుండ తుడువవలెను. రేకు అంచు వంగినచో చదునైన చెక్కపై ఉంచి సుత్తితో సరిచేయవలెను. బోల్టులను మధ్య నుండి చివరలకు, రెండు మూడు దఫాలుగా బిగించవలెను. ఇవి చిన్న బోల్టులు, స్వల్పమైన బిగింపు చాలును. తయారీదారు పుస్తకములో ఇచ్చిన కొలతను పాటించుట ఉత్తమము.

సిలికాను పేస్టు: తయారీదారు సూచించిన చోట్ల మాత్రమే సన్నని తీగవలె పూయవలెను. ఎక్కువైన పేస్టు లోపలికి ఒరసి, ఊడి, పంపు జల్లెడకు అడ్డుపడును. లీకును ఆపబోయి ఇంజనుకే నూనె అందకుండ చేసినట్లగును.

షాఫ్టు సీళ్ళు: కొత్త సీలు పెదవికి నూనె రాసి, స్ప్రింగు గల వైపు ఇంజను లోపలికి ఉండునట్లు, వంకర లేకుండ దించవలెను. షాఫ్టుపై గాడి ఉన్నచో సీలును కొద్దిగా లోతు మార్చి కూర్చవలెను లేదా షాఫ్టుపై పలుచని ఉక్కు తొడుగు వేయవలెను.

వెనుక క్రాంకు సీలు: సీలు ధర కొద్దిదే, కానీ గేరుబాక్సును దింపవలసి ఉండుట వలన కూలి ఎక్కువ. కావున ట్యాపెట్ కవరు వెనుక అంచు, ప్రెషరు స్విచ్చి, గేరుబాక్సు ముందు సీలు లీకు కావని నిర్ధారించుకొనిన తరువాతనే ఈ పనికి పూనుకొనవలెను. దింపినప్పుడు నూనెతో తడిసిన క్లచ్ ప్లేటును కూడా మార్చవలెను.

పని ముగిసిన తరువాత సరియైన మట్టము వరకు నూనె పోసి, ఇంజనును వేడెక్కించి, మరల అట్ట పరచి చూడవలెను. ఒక వారము తరువాత మరియొకసారి చూచినగాని మరమ్మత్తు పూర్తియైనదని చెప్పరాదు.

దారిలో లీకు బయటపడినప్పుడు

ఎర్రదీపము వెలిగినచో వెంటనే రోడ్డు ప్రక్కన ఆపి, ఇంజనును కట్టివేయవలెను. తదుపరి ఊరి వరకు పోవచ్చునన్న ఆలోచన ప్రమాదకరము. సొంత కారు నడుపుకొని జీవించు డ్రైవరునకు ఇంజను సీజగుట అనగా మరమ్మత్తు ఖర్చు మాత్రమే కాదు, బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల ఆదాయము కూడా పోవుటయే. కొన్ని నిమిషములు ఆగి డిప్ స్టిక్కును చూచి, తక్కువైన నూనెను పోయవలెను. అదే రకపు నూనె దొరకనిచో దగ్గరి గ్రేడు గల ఇంజను నూనెను పోయవచ్చును. పోసిన తరువాత దీపము ఆరనిచో ఇంజనును నడుపక బండిని లాగించుకొనిపోవలెను.

రాయి తగిలి చాంబరుకు చిల్లి పడినచో, మిగిలిన నూనెను దించి, చోటును గరుకు కాగితముతో రుద్ది, జిడ్డు లేకుండ తుడిచి, ఎం-సీల్ వంటి ముద్దను అద్ది, గట్టిపడువరకు ఆగి, నూనె పోసి షెడ్డు వరకు పోవచ్చును. ఇది తాత్కాలికము మాత్రమే. పెట్రోలు ట్యాంకు చిల్లికి సబ్బు పూయు పాత చిట్కా ఇక్కడ పనికిరాదు. వేడి నూనెకు సబ్బు మెత్తబడి ఊడిపోవును.

సాధారణముగా జరుగు పొరపాట్లు

చుక్క పడిన చోటును బట్టి సీలు మార్చుట.
ఇంజనును కడుగక లీకును వెదకుట.
బోల్టులను మరింత బిగించి లీకును ఆపజూచుట.
లీకును ఆపుటకని తయారీదారు సూచించిన దానికంటె చిక్కని నూనె వాడుట. దీని వలన ఉదయము ఇంజను మొదలగునప్పుడు పై భాగములకు నూనె ఆలస్యముగా చేరును.
సీళ్ళను ఉబ్బించు రసాయనములపై ఆధారపడుట. ఇవి ఎండిన రబ్బరును కొంతకాలము మెత్తబరచగలవు. చిరిగిన సీలును, అరిగిన షాఫ్టును, మూసుకొనిన బ్రీదరును బాగుచేయలేవు.
గాలి ఫిల్టరును, బ్రీదరును చూడకయే పని ముగించుట.

పాత నూనె

ఇంజను నుండి తీసిన నూనెలో లోహపు రజను, మసి, క్యాన్సరు కలిగించగల పదార్థములు ఉండును. పని చేయునప్పుడు చేతి తొడుగులు ధరించవలెను, చర్మమునకు అంటినచో సబ్బుతో కడుగుకొనవలెను. గ్రామములలో దీనిని ఎడ్లబండి ఇరుసులకు, సెంట్రింగు చెక్కలకు పూయుట వాడుకలో ఉన్నది. మిగిలినది నేలపై గాని మురుగు కాలువలో గాని పారబోయుదురు. భారతదేశములో 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము పాత నూనె ప్రమాదకర వ్యర్థములలో చేరినది. నల్గొండ జిల్లా భూగర్భ జలము ఫ్లోరైడు వలన చిరకాలము బాధపడినది. అట్టి ప్రాంతములో బావులు, బోర్లు, చెరువుల సమీపమున నూనెను పోయుట మరింత హానికరము. దానిని మూతగల డబ్బాలో నిలువచేసి, పాత నూనెను శుద్ధిచేయు అనుమతి గల వారికి చేర్చు సర్వీసు కేంద్రమునకు ఇవ్వవలెను. ఇంజను నుండి లీకై రోడ్డున పడు నూనె కూడా వానలతో ఈ నీటిలోనికే చేరును.